రెండో గ్లాసు బియ్యం

నా నోరు మంచిది కాదు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. పాత గుడి దగ్గర ఆకులూడ్చే ముసలమ్మ సావొన్‌తో మాట్లాడాలంటే చెవుల్లో దూది పెట్టుకెళ్ళాలని మా వీధిలో ఒక వేళాకోళం. నాకేం బాధ లేదు. టిక్కెట్ల గది కట్టకముందు నుంచి, తుపాకులు పట్టుకున్నవాళ్ళు తప్ప ఈ అడవివైపు ఎవరూ రాని రోజుల నుంచి ఆ గుడిలో ఊడుస్తున్నాను. పడిపోయిన గోపురాల మీదికి చెప్పులతో ఎక్కి, రాతి దేవకన్యల భుజాల మీద చేతులేసి ఫొటోలు దిగే వెధవల్ని నేను తిట్టకపోతే ఎవరు తిడతారు? రాళ్ళకి నోరు లేదు కదా.

రోజూ పొద్దున్నే రెండు గ్లాసుల బియ్యం వండుతాను. ఒకటి నాకు. రెండోది ఎవరికని మా ఊళ్ళో ఎవరూ అడగరు, తెలుసు కాబట్టి. టిఫిన్ డబ్బాలో కింది గిన్నె నాది, పై గిన్నె మా అబ్బాయి కోసల్‌ది. మధ్యాహ్నం నా గిన్నె ఖాళీ చేస్తాను. సాయంత్రం ఇంటికెళ్ళి పై గిన్నెలోది బాతులకి వేస్తాను. కోసల్ పోయి పదకొండేళ్ళయింది. మా బాతులు మాత్రం నడవలేనంతగా బలిశాయి.

పితరుల పక్షం వెళ్ళిన పది రోజులకి వాళ్ళొచ్చారు. వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గలేదు. తడిసిన ఆకులు రాళ్ళకి అతుక్కుపోయి చీపురుకి లొంగడం లేదు, నేనేమో ఆకుల్ని తిడుతూ ఉన్నాను. మోటారు సైకిల్‌కి తగిలించిన బండి ఒకటి చెట్టు కింద ఆగింది. ముందు మా ఊరి విహారంలో పూజలు చేయించే ఆచార్ సూన్ దిగాడు. ఆయనకి డెబ్బై అయిదు దాటాయి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయన వెనక ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి. ఆవిడ భుజం మీద గళ్ళ తువ్వాలు చుట్టిన పిల్ల నిద్రపోతోంది.

"సావొన్, చీపురు కాసేపు పక్కన పెట్టు. వీళ్ళు పుర్సాట్ పట్నం నించి వచ్చారు, నీ కోసమే" అన్నాడు సూన్.

"నా కోసం ఎవరొస్తారు? టిక్కెట్ల గది అటుంది."

"చెప్పేది విను. ముందే నోరు తెరవకు."

"తెరిస్తే ఏం, ఈగలు దూరతాయా?"

ఆ పిల్ల తల్లి నవ్వలేదు. పిల్లని ఒక రాతి మెట్టు మీద పడుకోబెట్టి, సంచిలోంచి నాలుగు కమలాపళ్ళు తీసి నా ముందు పెట్టి, చేతులు జోడించి నుదుటి దాకా ఎత్తింది. అంతెత్తు దండం మామూలు మనుషులకి పెట్టరు. సన్యాసులకో, చచ్చిపోయినవాళ్ళకో పెడతారు. నాకు వెంటనే ఒళ్ళు మండింది.

"నేనింకా పోలేదమ్మా. చేతులు దించు."

"పెద్దమ్మా, నా పేరు చెండా. బజార్లో కమలాపళ్ళు అమ్ముకుంటాను. ఇది నా కూతురు మాలిస్. దీనికి ఆరేళ్ళు. మూడో ఏట మాటలు సరిగ్గా వచ్చినప్పటి నించీ ఒకటే పాట పెద్దమ్మా. మాది రాళ్ళ ఇల్లు, మా అమ్మ అక్కడ ఆకులూడుస్తుంది, నా మీద రాయి పడింది అని. మేం నవ్వుకున్నాం. అన్నం తినమంటే, మా అమ్మ ఉంచింది, అక్కడే తింటాను అనేది. దానికీ నవ్వుకున్నాం. ఈ వానాకాలం మొదలయ్యాక జ్వరాలు పట్టుకున్నాయి. ఇది నాలుగోసారి. పెద్దాసుపత్రిలో రక్తం తీశారు, మాత్రలిచ్చారు. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నిద్దట్లో నవ్వుతుంది, ఎవరితోనో మాట్లాడుతుంది, పొద్దునకి ఒళ్ళు పెనంలా కాలిపోతుంది."

ఆవిడ ఏం అడగబోతోందో నాకప్పుడే అర్థమైంది. నిద్రలో నవ్వే పిల్లల్ని పూర్వజన్మ తల్లి వచ్చి ఆడిస్తుందని మాలో అందరికీ తెలిసిందే. నవ్వినంతసేపూ ఫరవాలేదు. జ్వరాలు మొదలైతే మాత్రం ఆ తల్లి ఆడించడం చాలించి వెనక్కి రమ్మని పిలుస్తోందన్న మాట. మామూలుగా ఆవిడ ఎవరో, ఏ లోకంలో ఉందో తెలియదు. అందుకని అరటిదొప్పలో నాలుగు మెతుకులు పెట్టి, అమ్మా మా పిల్లని వదిలెయ్యి తల్లీ అని దండం పెట్టి ఊరుకుంటారు. నేనేమో బతికే ఉన్నాను, చీపురు పట్టుకుని ఎదురుగా.

"ఈ దేశంలో రాళ్ళ గుళ్ళు ఎన్నున్నాయో తెలుసా నీకు? ప్రతి గుడిలోనూ నాలాంటి ముసలిది ఒకత్తి ఊడుస్తూనే ఉంటుంది. వెళ్ళి వాళ్ళనడుగు" అన్నాను.

"అందరి కొడుకుల మీదా రాయి పడలేదు పెద్దమ్మా" అంది చెండా.

ఈ ఊళ్ళో ఈ ముప్ఫై ఏళ్ళలో నా నోరు మూయించిన మొదటి మనిషి ఆవిడే.

సూన్ మెల్లిగా అందుకున్నాడు. "పెద్ద పనేం కాదు సావొన్. కోసల్ పోయిన చోట నిలబడాలి. పిల్ల చేతికి దారం కట్టి రెండో కొస నీ చేతికిస్తాను. దాని మొహం చూసి, నువ్వు నా బిడ్డవి కావు, పో అని మూడుసార్లు అనాలి. అని, నీ అడకత్తెరతో దారం తెంపెయ్యాలి. అంతే. ఆ తర్వాత నీ చేత్తో పిల్లకి ఏదీ ఇవ్వకూడదు, తిండి అసలే పెట్టకూడదు. పిల్ల దక్కుతుంది."

"అనను."

"సావొన్..."

"అనను అన్నానా? చెవుడా? పళ్ళు తీసుకుని పొండి."

చీపురు తీసుకుని అక్కడినుంచి వెళ్ళిపోయాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. నేనెందుకు అననన్నానో సూన్‌కి తెలియదు, ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా ఈ కడుపులోనే దాచుకున్నాను.

కోసల్ నా ఒక్కగానొక్క బిడ్డ. వాడి నాన్న వాడు నడక నేర్వకముందే యుద్ధంలో పోయాడు. వాణ్ణి ఈ గుళ్ళోనే పెంచాను. నేను ఊడుస్తుంటే దేవకన్యల పాదాల దగ్గర ఆడుకుని అక్కడే నిద్రపోయేవాడు. పడమటి వరండా చివర గూట్లో ఒక దేవకన్య ఉంది. మిగతావాళ్ళంతా పెదవులు బిగించుకుని ఉంటే ఆవిడ ఒక్కతే కొంచెం పళ్ళు కనబడేలా నవ్వుతుంది. కోసల్ ఆవిడని అక్కా అని పిలిచేవాడు. ఏ పువ్వు దొరికినా అక్కకే.

వాడికి పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి లారీలు వేసుకుని కొందరు దిగారు. ఎక్కడివాళ్ళో, ఎవరి మనుషులో ఎవరూ అడగలేదు, వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి. ఊళ్ళో కుర్రాళ్ళకి రంపాలిచ్చి దేవకన్యల తలలు కోయించడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున చాప దులుపుతుంటే కోసల్ చాప కింద రంపం దొరికింది.

"అందరూ కోస్తున్నారమ్మా. నేను కొయ్యకపోతే ఇంకోడు కోస్తాడు" అన్నాడు.

"ఎవరి తల కొయ్యమన్నార్రా?"

వాడు తల దించుకున్నాడు. నాకు అర్థమైపోయింది.

అప్పుడు అన్నాను. నా జన్మలో ఎన్నెన్ని మాటలన్నానో, ఎవరెవర్ని తిట్టానో, అవన్నీ మర్చిపోయాను. ఆ ఒక్కటే మర్చిపోలేదు. "నువ్వు నా బిడ్డవి కావు. పో. మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నాను.

వాడు స్తంభాల మీది మా ఇంటి మెట్లు దిగి, చెప్పులేసుకుని, కిందనుంచి తల ఎత్తి చూశాడు. నా నోటి సంగతి వాడికి తెలుసు. కొంచెం నవ్వాడు కూడా. "సరేలే. అన్నం మాత్రం ఉంచు" అని వెళ్ళిపోయాడు. నేను పొయ్యి మీది కుండ దింపి, ఉన్న అన్నమంతా బాతులకి పారబోశాను. తిరిగొచ్చి ఖాళీ కుండ చూస్తే బుద్ధి వస్తుందనుకున్నాను.

మధ్యాహ్నం వరండా కప్పు కూలింది. ఊరంతా పరిగెత్తాం. పొద్దు వాలేదాకా రాళ్ళు తీశారు. అక్క ఉన్న గోడ మాత్రం పడలేదు. ఆవిడ మెడ మీద రంపం గీత సగందాకా వచ్చి ఆగిపోయి ఉంది. కప్పు కూలినందుకు ఆగిందో, నా మాట గుర్తొచ్చి వాడే ఆపేశాడో తెలియదు. ఆ గీతని పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నాను, రోజూ అదే అడుగుతున్నాను. ఏ పాపిష్ఠి ఘడియలో పెట్టాడోగానీ ఈ నోరు దేవుడు, అప్పుడే దీన్ని పీకేసి ఉంటే నా కొడుకు తిట్లు తిని కాకుండా కడుపు నిండా అన్నం తిని పోయేవాడు. మళ్ళీ అదే మాట అనమంటున్నాడు సూన్. మూడుసార్లు.

వెనక అడుగుల చప్పుడైంది. చెండా.

"పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళకి బురదుంది. పో."

"నీ కొడుకు పోయాడని నా కూతురు కూడా పోవాలా?"

"ఏమన్నావే?"

"అన్నాను! నువ్వు రోజూ వాడికి అన్నం వండుతావట కదా! ఆచార్ తాత చెప్పాడు. రోజూ వండి పిలుస్తుంటే వాడు రాకుండా ఎలా ఉంటాడు? నా పిల్ల ఎలా నిలుస్తుంది?" అని అరిచి, అరిచినందుకు తనే భయపడి, ఆ తడి ఆకుల్లోనే కూలబడి ఏడ్చింది. గొంతు పైకి రాకుండా, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు తెలుసు. నేనూ అలాగే ఏడ్చాను, పక్కింటివాళ్ళకి వినబడకుండా.

పిల్ల దగ్గరికి వెళ్ళాను. మెట్టు మీద ముడుచుకుని పడుకుంది. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. చొక్కా జరిపి చూస్తే మెడ మీదా వీపు మీదా నాణెంతో గీకిన ఎర్రచారలు, ఒళ్ళంతా బామ్ వాసన. జ్వరం వస్తే మాకు తెలిసిన వైద్యం ముందు అదే, నాణెంతో చర్మం కందేలా గీకితే లోపలి చెడుగాలి పోతుంది. ఎన్నిసార్లు గీకిందో పాపం ఆ తల్లి, చార మీద చార పడి ఉంది. చారల మధ్య, మెడ వెనక, బొటనవేలంత నల్లమచ్చ ఒకటి ఉంది. పోయినప్పుడు దెబ్బ తగిలిన చోటే మరుజన్మలో మచ్చ పడుతుందని మావాళ్ళ నమ్మకం. కోసల్‌కి రాయి తగిలింది తల మీద, మెడ మీద కాదు. అది చూసి నాకు నిమ్మళించింది. ఈ పిల్ల నా కోసల్ కాదు. పుర్సాట్‌లో ఎవరో లారీ డ్రైవరు మా కథ చెప్పి ఉంటాడు, పిల్ల విని పట్టుకుని ఉంటుంది. మరి కోసల్ ఈ పిల్లగా పుట్టి ఉంటే, ఈ ఆరేళ్ళూ పితరుల పక్షంలో తెల్లారకుండానే లేచి విహారం చుట్టూ నేను విసిరిన అన్నపు ముద్దలు ఎవరు తిన్నట్టు? కుక్కలా?

కాబట్టి ఆ మాట ఎవరికీ తగలదు. ఉత్త గాలి. ఈ పిచ్చిది కాస్త ధైర్యంగా ఇంటికెళుతుంది. పోనీలే అనుకున్నాను.

"లే. లేచి కళ్ళు తుడుచుకో. ఆచారన్నా, నీ దారం ఏదో తీసుకురా. తొందరగా కానిద్దాం, నాకింకా తూర్పువైపు ఊడవాలి" అన్నాను.

పిల్ల నిద్రలేచింది. ఎత్తుకుంటానన్నా వినకుండా నడుస్తానంది. మేం నలుగురం పడమటి వరండాకి వెళ్ళాం. దారి ఏం బాగుండదు. పడ్డ రాళ్ళ మీదనుంచి ఎక్కి దిగాలి, ఒకచోట నడుం వంచి దూరాలి. పిల్ల తల్లి వేలు పట్టుకుని జాగ్రత్తగా నడిచింది. ముందు పరిగెత్తలేదు, ఏ రాయినీ గుర్తుపట్టలేదు, ఏడవలేదు. కొత్తచోటికి వచ్చిన పిల్ల ఎలా చూస్తుందో అలాగే నోరు తెరుచుకుని చూసింది. చెండా దాని మొహం వంకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

వరండా చివర అక్క గూడు దగ్గర ఆగాం. సూన్ అగరొత్తులు తీశాడు. అవి చెమ్మకి మెత్తబడి అంటుకోవడం లేదు. ఆయన ఒక్కో అగ్గిపుల్లా గీస్తూ గొణుక్కుంటున్నాడు. నేను అడకత్తెర తీసి పట్టుకున్నాను. పిల్ల గూట్లోకి తల పెట్టి చూస్తోంది.

"అవ్వా, ఈ అక్కకి కూడా జ్వరమా?" అంది.

"ఏ అక్కకి?" అన్నాను.

"ఈ అక్కకి. మెడ మీద గీకారు కదా, నాలాగా." రంపం గీత మీద వేలు పెట్టి చూపించింది. "చాలా గట్టిగా గీకారు. పాపం."

ఏ పిల్లయినా అక్కే అంటుంది. నాకు తెలుసు. నవ్వే ఆడమనిషి రాతిదైనా సరే అక్క కాక ఏమవుతుంది? అయినా గోడకి ఆనుకున్నాను.

పిల్ల జేబులోంచి చిన్న బామ్ డబ్బీ తీసింది. తల్లి ఇచ్చి ఉంటుంది, దారిలో వాసన చూసుకోమని. మూత ఊడదీసి, వేలితో ఇంత తీసి, మునివేళ్ళ మీద నిలబడింది. గీత ఈ కొసనుంచి ఆ కొసదాకా, రంపం ఎక్కడ ఆగిందో అక్కడిదాకా నెమ్మదిగా రాసింది. రాసి ఉఫ్ అని ఊదింది.

"తగ్గిపోతుందిలే" అని రాతి బుగ్గ మీద తట్టింది.

పదకొండేళ్ళలో ఆ గీతని ఎంతమంది చూశారో. ఫొటోలు తీసినవాళ్ళు, కొలతలు తీసుకున్నవాళ్ళు, అయ్యో అన్నవాళ్ళు. మందు రాసింది ఈ పిల్ల ఒక్కతే. నాకు కూడా ఎన్నడూ తోచలేదు. వాడే అయితే? వాడే వచ్చి, చేసినదానికి మందు రాసి పోతుంటే? వాడు కాకపోయినా సరే, నాకు ఆ పిల్ల కావాలనిపించింది. దాన్ని గట్టిగా పట్టుకుని ఇంటికి తీసుకుపోయి, కడుపు నిండా పెట్టి, చాప మీద పడుకోబెట్టుకోవాలనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అడకత్తెర ఆ రాళ్ళల్లోకి విసిరేసి, ఇది నాదే, ఇవ్వను పో అని చెండా మొహం మీద అందామన్నంత పనైంది.

అగరొత్తులు అంటుకున్నాయి. సూన్ పిల్ల కుడిచేతికి తెల్లదారం కట్టి, రెండో కొస నా వేళ్ళ మధ్య పెట్టాడు. "ఊఁ, అను" అన్నాడు.

కళ్ళు మూసుకుని, పళ్ళు కొరికి, గబగబా అనేశాను. "నువ్వు నా బిడ్డవి కావు పో, నువ్వు నా బిడ్డవి కావు పో..."

పిల్ల బెదిరి తల్లి వెనక్కి నక్కింది.

"ఆగు ఆగు. అలా కాదు సావొన్, ఇది చెల్లదు" అన్నాడు సూన్.

"ఏం, ఎందుకు చెల్లదు? నువ్వు చెప్పిన మాటే కదా!"

"మాట అదే. కానీ తిట్టినట్టు అంటున్నావు. తల్లి కోపంగా అన్నది పితరులు లెక్కలోకి తీసుకోరు. అది తెగదు. ప్రేమగా అనాలి, బిడ్డ బాగుండాలని మనసులో అనుకుని అనాలి. అప్పుడే తెగుతుంది."

"ఏమన్నావు?"

"కోపంలో అన్న మాటకి బంధం తెగదు అంటున్నాను. ఇందులో కొత్తేముంది? తల్లులు కోపంలో అన్నవన్నీ చెల్లితే ఈ దేశంలో ఒక్కడైనా తల్లి ఉన్నవాడు మిగిలేవాడా?"

దారం పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది నాకు.

"ఈ ముక్క పదకొండేళ్ళ కిందట చెప్పడానికేం నీకు? నోరు పడిపోయిందా?" అని అరిచాను. అరిచానో ఏడ్చానో.

సూన్ నావంక విచిత్రంగా చూశాడు. "నువ్వడిగితే కదమ్మా?" అన్నాడు. గొంతు తగ్గించి, "ఏమన్నావు వాడితో?" అన్నాడు.

నేను దారం కొస వేలికి చుట్టుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

అంటే ఆ రోజు తెగలేదు. నేను ఏమన్నా, కుండలో అన్నం ఎవరికి పోసినా, వాడు నా కొడుకుగానే ఆ మెట్లు దిగాడు, నా కొడుకుగానే ఆ రాళ్ళ కింద పడ్డాడు. పదకొండేళ్ళూ నా కొడుకే. నేను నెత్తిన మోస్తున్న ఆ మాట అసలు ఎక్కడా తగలనే లేదు. ఆ సంతోషం నాకు ఎంతసేపు దక్కింది? చెండా ముక్కు చీదుకునేంతసేపు. ఎందుకంటే ఇప్పుడు తెంపాలి. తెగేలాగా.

పిల్ల మొహం చూశాను. బుగ్గలు జ్వరానికి ఎర్రబడి ఉన్నాయి. వేలికి ఇంకా బామ్ అంటుకునే ఉంది. తల్లి కట్టిన లుంగీ అంచు పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పిడికిలి చూస్తే చాలు, అది ఎవరి బిడ్డో.

కింద కూర్చుని దాని ఎత్తుకి వచ్చాను.

"భయపడకు తల్లీ. అవ్వ నిన్ను తిట్టదు" అన్నాను. "నువ్వు నా బిడ్డవి కావు. పో."

పిల్ల తల ఊపింది.

"నువ్వు నా బిడ్డవి కావు. మీ అమ్మ దగ్గర బాగా తిను. బాగా నిద్రపో. నేను పిలవను. పో."

మూడోది ఎంతకీ రాలేదు. ఎన్నో ఏళ్ళు ఎవరినంటే వాళ్ళని అడ్డమైన మాటా అన్న నోరు, ఆ నాలుగు ముక్కలు పలకడానికి మొరాయించింది. పిల్ల నా మొహం దగ్గరికి వంగి, "అవ్వా, ఇంకోసారి" అని గుసగుసగా అందించింది. దారం కడుతూ ఆచార్ తాత మూడుసార్లని మళ్ళీ చెప్పాడు, అది విన్నది కదా.

"నువ్వు నా బిడ్డవి కావు" అన్నాను. "పో నాయనా."

నాయనా అన్నాను. ఆడపిల్లని. సూన్ విన్నాడు. అడకత్తెర నొక్కాను. తెల్లదారం చప్పుడు లేకుండా రెండయింది.

తిరిగి బండి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చెండా మొహంలో అప్పటికే రంగు వచ్చింది. నా కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. "దండాలు చాలు. మాత్రలు మానకు. నేను ఏదో అన్నానని మాత్రలు మానేశావో, పుర్సాట్ వచ్చి మరీ తిడతాను" అన్నాను. నవ్వింది. వచ్చాక నవ్వడం అదే మొదలు.

పిల్ల బండి ఎక్కలేదు. చెట్టు మొదట్లో నా టిఫిన్ డబ్బా దగ్గర నిలబడి ఉంది.

"అవ్వా, ఆకలేస్తోంది. ఇందులో అన్నం ఉందా?"

"పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు పెద్దమ్మా, నాలుగు రోజులుగా ఇంతే. ఇప్పుడే అడగడం" అంది చెండా, సంతోషంతో. అంతలోనే గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సూన్ నావైపు చూశాడు. నా చేత్తో తిండి పెడితే తెగినది మళ్ళీ అతుక్కుంటుంది.

పై గిన్నెలో అన్నం ఉంది. పొద్దున వండింది, అంచున ఉప్పుచేప ముక్క పెట్టింది. పదకొండేళ్ళుగా రోజూ ఉంచుతున్నాను. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఉంచలేదు. ఆ రోజుకి బదులుగా నాలుగు వేల రోజులు ఉంచాను, ఎవరైనా వచ్చి అడుగుతారని. వచ్చి అడిగింది.

"లేదమ్మా" అన్నాను. "అన్నం లేదు. ఖాళీ డబ్బా అది."

పిల్ల డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. "సరేలే" అంది. వెళ్ళి బండెక్కి తల్లి ఒళ్ళో కూర్చుంది. చెండా కమలాపండు ఒలిచి ఒక్కో తొనా నోట్లో పెడుతుంటే తింటూ, వంపు తిరిగేదాకా నాకు చెయ్యి ఊపింది.

సూన్ వెళ్ళిపోయాక తూర్పువైపు ఊడవలేదు. ఎవరైనా చెప్పులతో రాళ్ళెక్కారేమో కూడా చూడలేదు. పడమటి వరండాలో అక్క పాదాల దగ్గర కూర్చుని డబ్బా విప్పాను. ముందు పై గిన్నె తిన్నాను. అన్నం చల్లారి గట్టిపడిపోయింది. గీతలోంచి బామ్ వాసన వస్తోంది. ఆ వాసనకే కళ్ళ నీళ్ళొస్తున్నాయని ఎవరైనా వస్తే చెబుదామనుకున్నాను. ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున బియ్యం డబ్బా మూత తీశాను. ఒక గ్లాసు ముంచి గిన్నెలో పోశాను. చెయ్యి అలవాటుకొద్దీ రెండో గ్లాసు ముంచింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. కింద బాతులు అరుస్తున్నాయి. గ్లాసులోని బియ్యం మళ్ళీ డబ్బాలో పోసి మూత పెట్టేశాను.